నీహారిక జెట్లు రెండూ దూరంగానే పోతున్నాయేంటి?

రాత్రిమేడ (కొండాపూర్):
ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి ఒక గ్రహ నీహారిక (చివరి దశలో నక్షత్రం వదిలిన వాయు మేఘం) స్పెక్ట్రమ్, అంటే రంగులుగా విడగొట్టిన కాంతి, చూస్తున్నాను. ఫొటోలో అటొక జెట్ (వేగంగా చిమ్మే వాయు ధార), ఇటొక జెట్ స్పష్టంగా ఉన్నాయి. ఒకటి మనవైపు రావాలి, ఇంకోటి దూరం పోవాలి కదా? హైడ్రోజన్ ఆల్ఫా అనే ఎర్ర కాంతి రేఖ ఎంత జరిగిందో చూసి వేగం కొలిస్తే ఒకటి సెకనుకు 62 కి.మీ., ఇంకోటి 28, రెండూ దూరంగానే! రెండు రోజులుగా ఇదే టెన్షన్.

పాత_ఉస్మానియా:
కంగారు పడకు తమ్ముడూ. రెండింటి సగటు 45. అది నీహారిక మొత్తం పోతున్న వేగం. తీసేస్తే ఒకటి +17 (దూరంగా), ఒకటి −17 (మనవైపు). నీ జెట్లు బాగానే ఉన్నాయి. భూమి వేగం సవరించావా? మన భూమే సూర్యుడి చుట్టూ సెకనుకు 30 కి.మీ. తిరుగుతుంది. నేనది మర్చిపోతే మా గైడ్ చివరి రోజు పట్టుకున్నారు, రాత్రంతా కూర్చుని పట్టికలన్నీ మళ్లీ వేశాను.

చీలిక_పిచ్చి:
హైడ్రోజన్ ఎందుకండీ? పక్కనే 6583 ఆంగ్‌స్ట్రామ్‌ల (కాంతి తరంగదైర్ఘ్యం కొలిచే ప్రమాణం) దగ్గర నైట్రోజన్ రేఖ ఉంది. 10,000 డిగ్రీల వాయువులో తేలికైన హైడ్రోజన్ పరమాణువులు ఎగిరెగిరి రేఖను సెకనుకు 21 కి.మీ. దాకా వెడల్పు చేస్తాయి. నైట్రోజన్ 14 రెట్లు బరువు, దాని వెడల్పు 6 కూడా రాదు. హైడ్రోజన్‌లో ఒకే ముద్దగా కనిపించిన చోట నైట్రోజన్‌లో రెండు ముడులు (వాయువు ముద్దలు) విడివిడిగా కనిపించాయి నాకు.

మెహదీపట్నం_8అంగుళాలు:
మేడ మీద నుంచి శని నీహారికకి (అదీ ఒక గ్రహ నీహారికే) మిల్లీమీటరుకు 100 గీతల గ్రేటింగ్, అంటే కాంతిని రంగులుగా విడగొట్టే పలక, పెట్టాను. వీధి దీపాల వెలుగులోనూ 5007 ఆంగ్‌స్ట్రామ్‌ల ఆక్సిజన్ కాంతి చుక్కగా మెరిసింది, ఇంట్లో వాళ్లందర్నీ పిలిచి చూపించా. వేగం మాత్రం మర్చిపోండి. అక్కడ ఒక్క ఆంగ్‌స్ట్రామ్ జరిగితేనే 60 కి.మీ., నా పరికరానికి పదుల ఆంగ్‌స్ట్రామ్‌లే తేడా తెలియవు.

రాత్రిమేడ:
నైట్రోజన్‌లో కొలిచాను: +18, −17. భూమి సవరణ ముందే ఉందట, బతికిపోయా. కానీ జెట్ అంటే 100 దాటాలి కదా, 17 ఏంటి?

పాత_ఉస్మానియా:
స్పెక్ట్రమ్‌కి మన చూపు దిశలో కదలికే తెలుస్తుంది. జెట్ ఆకాశ తలానికి (మన చూపుకి అడ్డంగా ఉండే తలం) 10 డిగ్రీల వాలులో ఉంటే 100 కాస్తా 17గా కనిపిస్తుంది. ఆ కోణం కావాలంటే ఏళ్ల తేడాతో తీసిన రెండు ఫొటోల్లో ముడి ఎంత జరిగిందో చూడాలి, పైగా నీహారిక దూరం తెలియాలి. అదే అసలు తలనొప్పి.

రాత్రిమేడ:
సరే అన్నా, రిపోర్టులో ‘కనీస వేగం’ అని రాసేస్తున్నా.