ఇంట్లోనే ఇంజిన్ ఆయిల్ మార్చాక డ్రెయిన్ బోల్ట్ దగ్గర లీక్ ఆగడం లేదు

కారు 2016 మోడల్, 1.2 లీటర్ పెట్రోల్. ఖర్చు తగ్గుతుందని గత ఆదివారం మొదటిసారి నేనే ఆయిల్, ఫిల్టర్ మార్చాను. 5డబ్ల్యూ-30 ఆయిల్ పోశాను, డిప్‌స్టిక్‌లో లెవెల్ సరిగ్గానే ఉంది. మర్నాడు పొద్దున కింద పరిచిన అట్టముక్క మీద అరచేతంత మరక.

ముందు ఫిల్టర్ అనుకున్నాను. అంతా శుభ్రంగా తుడిచి, టాల్కం పౌడర్ చల్లి, ఇంజిన్ పది నిమిషాలు ఆన్‌లో ఉంచాను. ఫిల్టర్ చుట్టూ పొడిగానే ఉంది, ఆయిల్ దించడానికి అడుగున ఉండే డ్రెయిన్ బోల్ట్ చుట్టూ మాత్రం తడిసింది. ఆయిల్ దించేసి కొత్త రాగి వాషర్ వేసి మళ్లీ బిగించాను. లీక్ తగ్గింది కానీ ఆగలేదు: ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు పదిహేను నిమిషాలకో చుక్క, చల్లారాక ఇంకా నెమ్మదిగా.

నాకు టెన్షన్ పెడుతున్నది ఇదే. చివర్లో బోల్ట్ గట్టిగా పట్టుకోవడం లేదు, స్పానర్‌తో పావు చుట్టు వదులుగా తిరుగుతోంది. బోల్ట్ మరల (థ్రెడ్ల) మధ్య సన్నని అల్యూమినియం పొడి కూడా కనిపించింది. మొదటిసారి అతిగా బిగించి ఆయిల్ చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే గిన్నె) మరలు పాడుచేశానేమో. అందుకే ఇంకా బిగించకుండా, బండి తీయకుండా ఆపేశాను.

ఇలాంటప్పుడు కొత్తగా మర వేయించి ఇన్‌సర్ట్ (పాడైన మర స్థానంలో కూర్చునే లోహపు మర) పెట్టిస్తే ఏళ్ల తరబడి నిలుస్తుందా, లేక ఆయిల్ చాంబర్ మొత్తం మార్చాల్సిందేనా?