చదివేటప్పుడు వరుస తప్పే పిల్లవాడికి ఎలా సాయపడాలి?

మేము హైదరాబాదులో తార్నాక దగ్గర ఉంటాము. మూడో తరగతి చదువుతున్న మా అబ్బాయి తెలుగు వాచకం బిగ్గరగా చదివేటప్పుడు, ఒక వరుస పూర్తికాగానే మళ్ళీ అదే వరుస మొదటికి వెళ్ళడమో, కిందిది వదిలేసి దాని తరువాతిది అందుకోవడమో చేస్తున్నాడు. వేలు పెట్టి చదివితే మాత్రం దాదాపు వరుస తప్పడు. బడిలో అది అజాగ్రత్త అన్నారు, నేనూ కొన్నాళ్ళు అలాగే కసిరాను. కంటి పరీక్షలో చూపు 6/6, అంటే మామూలుగానే ఉంది అని వచ్చింది. అయితే ఆ పరీక్ష దూరపు అక్షరాల స్పష్టతను చూసేదే తప్ప, చదివేటప్పుడు కళ్ళు ఆగి ఆగి గెంతే తీరునూ, దగ్గరి వస్తువుపై రెండు కళ్ళూ కలిసి నిలిచే శక్తినీ కొలవదని తరువాత తెలిసింది.

ప్రస్తుతం నల్ల అట్టముక్కలో ఒక వరుస పట్టేంత సన్నని కిటికీ కోసి, దాన్ని పుట మీద జరుపుతూ రోజుకు పది నిమిషాలు చదివిస్తున్నాను. పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగిలేంత ఇరుకుగా అచ్చయిన పుటల్లో అదీ అంతగా పనిచేయడం లేదు.

దగ్గరి చూపులో కళ్ళు కలవని లోపానికి వ్యాయామాలు ఉపయోగపడతాయనీ, డిస్లెక్సియాకు (చూపు బాగున్నా మాటలను గుర్తుపట్టి చదవడంలో ఉండే ఇబ్బందికి) అవి చికిత్స కావనీ చదివాను. ఈ రెండింటినీ వేరుచేసి చూసే పరీక్షను ముందుగా ఆప్టోమెట్రిస్టు (చూపు పరీక్షించే నిపుణుల) దగ్గర చేయించాలా, పిల్లల కంటి వైద్యుల దగ్గరా? అనుభవమున్నవారు దయచేసి తెలుపగలరు.