వేరుశనగ చేనులో అడవిపందులు: బోను పెట్టవచ్చా?

కొండకింద చేను:
మాది నెల్లూరు జిల్లా సీతారామపురం మండలం, వెలిగొండల అంచు. రెండెకరాల వేరుశనగ ఊడలు దిగి కాయ పట్టే దశలో ఉంది. నాలుగు రాత్రులుగా పందుల మంద పడుతోంది. నిన్న తెల్లవారి చూస్తే తూర్పు గట్టు వెంట పన్నెండు సాళ్లు ముట్టెలతో పెళ్లగించి ఉన్నాయి. నేను, మా ఆయన వంతులవారీగా మంచె మీద కూర్చుని పళ్లెం మోగిస్తున్నాం. మొదటి రాత్రి పారిపోయాయి. ఇప్పుడు ఈ మూల అరిస్తే ఆ మూలకు పోయి తింటున్నాయి. ఇనుప బోను చేయించి లోపల చిలగడదుంపలు వేద్దామని మా అబ్బాయి అంటున్నాడు. ఎవరైనా అలా పట్టారా? పట్టాక ఏం చేయాలి?

గట్టుమీద:
బోనుకు ఖర్చెందుకు? బ్రేకు తీగతో ఉచ్చులు వేయండి. మా వైపు చాలామంది వేస్తారు.

రాపూరు రైతు:
అమ్మా, ఆ పని మాత్రం చేయకండి. ఆరేళ్ల కిందట నేనూ ఉచ్చు వేశాను. తెల్లవారుజామున వెళితే అందులో మా కుక్క ఉంది. తీగ నడుముకు బిగుసుకుపోయింది. నన్ను చూసి తోక ఊపింది. కత్తెరతో తీగ తెంపాను కానీ మధ్యాహ్నానికి ప్రాణం పోయింది. ఆ రోజు చేనుకు నీళ్లు కూడా పెట్టలేకపోయాను.

బోను సంగతికి వస్తే, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం బోను పెట్టి పట్టడం కూడా వేటే. 2022 సవరణ తరువాత అడవిపంది ఆ చట్టం రక్షించే జంతువుల జాబితాల్లో ఒకటైన రెండో షెడ్యూలులో ఉంది. పంటను పాడుచేసే జంతువు విషయంలో 11వ సెక్షను కింద అనుమతి ఇవ్వవచ్చు గానీ, అధికారి రాతపూర్వకంగా ఇవ్వాలి. అందుకే ముందు అటవీ శాఖ రేంజి కార్యాలయంలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి, నష్టం ఫోటోలు జతచేయండి. పైగా బోనులో ఒకటో రెండో పడితే మిగతావి బోను దరికి రావు, చేనుకు మాత్రం వస్తాయి.

మాకు పనికొచ్చింది సౌర కంచె. పక్క రైతులు ముగ్గురితో కలిసి వేసుకున్నాం, ఒక్కరికి భారం కాలేదు. కింది తీగ నేలకు జానెడు ఎత్తులోనే ఉండాలి, పంది పైనుంచి దూకడం కంటే కింద దూరడానికే చూస్తుంది. కంచె తీగకు కరెంటు పంపే పెట్టె క్షణకాలపు షాకులే ఇస్తుంది, చంపదు. ఇంటి కరెంటు మాత్రం తీగకు కలపకండి, రాత్రి నీళ్లు పెట్టడానికి వెళ్లిన మనిషే పోతాడు. వచ్చే పంటకు గట్టు చుట్టూ నాలుగు వరసలు ఆముదం వేయండి. పంది చూపు మందం, ముక్కు పదును. ఆముదం వాసనకు లోపలి పంట వాసన దానికి సరిగా తెలియదు.

కొండకింద చేను:
అన్నా, మీ కుక్క సంగతి మా అబ్బాయికి చదివి వినిపించాను. మా మేకలు కూడా ఆ గట్టు మీదే మేస్తాయి. బోను మాట వదిలేశాడు, అర్జీ తనే రాస్తున్నాడు. కంచె తీగకు గడ్డి తగిలితే షాకు తగ్గుతుందంటున్నారు, నిజమేనా?

రాపూరు రైతు:
నిజమే. కింది తీగ వెంట వారానికోసారి గడ్డి కోయండి. వాన పడితే మర్నాడే చూసుకోండి. కంచె వచ్చేదాకా మంచె దిగకండి.