గుర్రాల మేతకి కొత్త పొలం: చెరువు గర్భమా, గరువా?

పెళ్ళిగుర్రాలోడు
మాది గజపతినగరం దగ్గర. ఊరేగింపులకి తిప్పే గుర్రాలు రెండు, ఒక టట్టు ఉన్నాయి. ఇన్నాళ్ళూ మేపిన బీడులో లేఅవుటు వేసి రాళ్ళు పాతేశారు. ఇప్పుడు రెండు చోట్లు చూశాను. ఒకటి ఊరి చెరువు గర్భం. సంక్రాంతి దాటి నీళ్ళు దిగాక గరిక, తుంగ బాగా లేస్తాయి, పైసా ఖర్చు లేదు. రెండోది కౌలుకి రెండెకరాల గరువు, అంటే మెట్ట పొలం. ఎర్రనేల, ఒక మూల జీడిచెట్లు, బోరు ఉంది, చుట్టూ ముళ్ళ తీగ. ఏది తీసుకోమంటారు?

పాత కాంపౌండరు
గరువే, రెండో మాట లేదు. కానీ ముందు ఆ ముళ్ళ తీగ పీకించండి బాబూ. గుర్రం బెదిరిందంటే ముందేముందో చూసుకోదు. మా ఆడగుర్రం దీపావళి టపాసులకి పరిగెత్తి తీగలో కాలు ఇరికించుకుంది. మోకాలి కింద చర్మం ఊడి ఎముక కనపడింది. బతికింది గానీ మళ్ళీ సవారీకి పనికిరాలేదు.

చెరువు గర్భం వానల్లో అసలు వద్దు. రోజంతా బురదలో నిలబడితే గిట్టల అడుగు కుళ్ళి కంపు కొడుతుంది. పైగా నీళ్ళ పక్కన జోరీగలు. సర్రా జబ్బు అంటించేవి అవే. గుర్రానికి వస్తే జ్వరం వచ్చిపోతూ ఉంటుంది, రక్తం తగ్గిపోతుంది, పొట్ట కింద నీరు దిగుతుంది. సమయానికి మందు పడకపోతే దక్కదు.

చెరువుగట్టు
కంచె పీకేయమని సలహానా? పోయినేడు మా ఊరి పెళ్ళికి తెచ్చిన గుర్రం రాత్రి తాడు తెంపుకుని నా పెసర చేలో పడింది. వరి కోశాక చల్లిన పెసర. తిన్నది కొంచెం, తొక్కింది అంతా. నష్టం అడిగితే "గుర్రానికేం తెలుసండీ" అన్నాడు దాని యజమాని. గుర్రానికి తెలీదు సరే, ఆయనకీ తెలీదా?

పాత కాంపౌండరు
కంచె వద్దనలేదు, ముళ్ళు వద్దన్నాను. వెదురు గడలు అడ్డంగా కట్టొచ్చు. నున్నటి తీగైతే గుర్రం ఛాతీ ఎత్తున బిగించి, కనపడేలా తెల్ల గుడ్డపీలికలు కట్టాలి.

చెరువుగట్టు
గుడ్డపీలికలు చూసి గుర్రం ఆగుతుందా? ఎవరి చేను పోతుందో వాళ్ళకే తెలుస్తుంది ఆ నొప్పి.

బుల్లెట్ బాబు
ఇప్పుడు పెళ్ళికొడుకులందరూ ఓపెన్ టాప్ జీపు అడుగుతున్నారు గురూ. అమ్మేయండి, టెన్షన్ పోతుంది.

పెళ్ళిగుర్రాలోడు
అమ్మే ఉద్దేశం లేదండీ. కంచె సంగతి నేను చూసుకుంటాను, మేత గురించి చెప్పండి.

ఉద్దానం పిల్లోడు
మాది ఇసుక నేల కాబట్టి ఒక మాట. గడ్డి పొట్టిగా అయిపోతే గుర్రం వేళ్ళతో సహా లాగి తింటుంది, ఇసుక పొట్టలోకి పోయి కడుపునొప్పి వస్తుంది. అనుమానం ఉంటే నాలుగు లద్దె ఉండలు బకెట్ నీళ్ళలో కలిపి కాసేపు వదిలేయండి. అడుగున ఇసుక చేతికి తగిలితే ఆ గడ్డి మీంచి గుర్రాన్ని తీసేయాల్సిందే. ఎండుమేత నేల మీద పోయకుండా తొట్టిలో పెట్టండి. జీడిపళ్ళు రాలే రోజుల్లో ఆ మూలకి పోనివ్వకండి.

నేపియర్ రైతు
రెండెకరాల్లో సూపర్ నేపియర్ గడ్డి వేసేయండి, ఏడాదంతా మేతే. మా గేదెలు అదే తిని పాలిస్తున్నాయి.

పాత కాంపౌండరు
గేదె వేరు, గుర్రం వేరు. నేపియర్‌లో ఆక్జలేట్లు ఉంటాయి, అవి సున్నాన్ని, అదే కాల్షియాన్ని, ఒంటికి పట్టనివ్వవు. గేదె పొట్టలో చాలావరకు విరిగిపోతాయి, గుర్రానికి ఆ వీలు తక్కువ. దానికి తోడు మనవాళ్ళు తవుడు దండిగా పెడతారు. తవుడులో భాస్వరం ఎక్కువ. రెండూ కలిస్తే ఎముకల్లో సున్నం పోయి మొహం ఉబ్బుతుంది, కుంటుతుంది. "గుర్రం ఒళ్ళు చేసింది" అని సంబరపడ్డవాళ్ళని చూశాను.

గరిక నయం. మన వైపు వేరుశనగ తీగ దొరుకుతుంది, బూజు లేకుండా ఎండితే చాలా మంచిది. నానబెట్టిన ఉలవలు కొంచెం. వరిగడ్డి ఒక్కటే పెడితే పొట్ట బిగుస్తుంది. పెద్ద గుర్రం ఒక్కోటి రోజుకి ఆరేడు కిలోల ఎండుమేతకి సరిపడా తినాలి. రెండెకరాల గరువు మూడింటికి ఏడాదంతా చాలదు, మేత కొనాల్సిందే.

పొలం మూడు ముక్కలు చేయండి. ఒకటి మేపుతుంటే రెండింటికి విశ్రాంతి. మొదటి రోజు గంటసేపే వదిలి, రెండు వారాల్లో పెంచండి. గుర్రానికి వాంతి రాదు, పొట్టలో తేడా వస్తే ప్రాణం మీదికే. వారానికి రెండుసార్లు లద్దె ఎత్తేయండి. గుర్రాలు తిన్న ముక్కలోకి ఊరి ఆవుల్నో గేదెల్నో వదిలితే ఇంకా మంచిది. గుర్రం పేగుల్లో పురుగుల పిల్లలు పశువుల పొట్టలోకి పోయి చచ్చిపోతాయి, గడ్డి శుభ్రపడుతుంది.

చెరువుగట్టు
ఓహో! అంటే మా గేదెలు మీ గుర్రాల వెనకాల ఊడ్చే చీపుళ్ళన్నమాట. మిగిలింది తిని పురుగులు మింగాలి!

పాత కాంపౌండరు
శాస్త్రం చెబితే ఇలా తీసుకుంటే ఎలా? గేదెకేమీ కాదు.

చెరువుగట్టు
మీ శాస్త్రం మీ దగ్గరే ఉంచుకోండి. మొదటి పోస్టులో "పైసా ఖర్చు లేదు" అన్నారు చూశారా, నా కడుపు మండింది అక్కడ. ఎవరికి ఖర్చు లేదు? నాకు సెంటు భూమి లేదు. ఆ పెసర కూడా కౌలు చేలోదే. మూడు గేదెలు ఆ చెరువు గర్భం మీదే ఎండాకాలం గడుపుతాయి. బీడు లేఅవుటైంది. గయాళు, అదే బంజర్లు, జీడితోటలయ్యాయి. గెడ్డ (వాగు) గట్టు కూడా దున్నేశారు. మిగిలిందల్లా ఆ చెరువు. సాయంత్రానికి వేలు సంపాదించే గుర్రాల్ని అక్కడ దింపుతారా?

పెళ్ళిగుర్రాలోడు
వేలా! ముహూర్తాలు లేని ఆషాఢంలో, మూఢంలో కూడా అవి తింటాయండీ. గుర్రాన్ని పట్టుకున్నంత మాత్రాన నేను జమీందార్ని కాను. మా నాన్న మోసినవి బ్యాండు డప్పులు. ఆ లేఅవుటులో పోయింది నా మేత కూడా.

బుల్లెట్ బాబు
అందుకే జీపు అన్నాను.

పంచాయతీ ముచ్చట్లు
మేత పోరంబోకు, అంటే ఊరి పశువుల మేతకి వదిలిన ఉమ్మడి భూమి, 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం పంచాయతీది, చెరువు గర్భం వేరే లెక్క. ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించమని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. మీరిద్దరూ తిట్టుకునే బదులు ఆ బీడు రికార్డులో ఏమని ఉందో అడిగారా?

పెళ్ళిగుర్రాలోడు
అడగలేదు. కాగితాలు చూపించారు, నమ్మేశాం.

చెరువుగట్టు
మా ఊళ్ళో ఒకాయన అడిగాడు. ఇప్పటికీ తిరుగుతున్నాడు.

పెళ్ళిగుర్రాలోడు
సరే, గరువు తీసుకుంటున్నాను. తీగ మార్చి, వానలకి ముందు గరిక నాటుతాను. ఎండాకాలం గడ్డి చాలకపోతే మాత్రం పగటిపూట రెండు గంటలు చెరువులోకి తోలుకొస్తాను.

చెరువుగట్టు
తోలుకొస్తాను కాదు, మేపుకునేవాళ్ళని అడిగి వస్తాను అనండి.

పెళ్ళిగుర్రాలోడు
అడుగుతాను. మీరూ గేదెల్ని మా గరువుకి తెచ్చుకోండి.

చెరువుగట్టు
పురుగుల కోసమా?

పాత కాంపౌండరు
గేదెకేమీ కాదని రాసిచ్చేదా? నా మాట మీద నమ్మకం లేకపోతే గరివిడి వెటర్నరీ కాలేజీలో అడగండి. బాబూ, కంచె పక్కన గన్నేరు, ఆముదం ఉన్నాయేమో చూశారా? అవి పీకాకే గుర్రాల్ని దింపండి.