పాత కోట బురుజును మ్యూజియంగా, ఫంక్షన్ హాలుగా మార్చడం సబబేనా?

గచ్చుగోడ:
పాడుబడ్డ కోట బురుజును బాగుచేసి, కింద మ్యూజియం పెట్టి, పై అంతస్తును కచేరీలకూ విందులకూ అద్దెకివ్వాలనే ప్రతిపాదనలు తరచూ వస్తుంటాయి. మ్యూజియానికి నాకే అభ్యంతరమూ లేదు. అద్దె హాలు మాత్రం వద్దు. బురుజులో సాధారణంగా ఉండేది ఒకటే ఇరుకు మెలిమెట్ల దారి. ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు అతుక్కుని నిలబడాలి. పైన వందమంది ఉండగా నిప్పంటుకుంటే దిగేదెలా? అందుకని రెండో దారి కోసం గోడ తొలుస్తారు. తర్వాత లిఫ్టు, టాయిలెట్లు, ఏసీ పైపులు. ఒక్కోదానికి ఒక్కో కన్నం.

నిచ్చెన:
మరి డబ్బెక్కడి నుంచి వస్తుంది? వాడకంలో లేని కట్టడమే ముందు కూలుతుంది. కప్పు మీద నీళ్లు పోయే తూము ఆకులతో మూసుకుపోయినా చూసే దిక్కుండదు. సమాజానికి పనికొచ్చేలా వాడుకుంటే పరిరక్షణ సులువవుతుందని పాత కట్టడాల పరిరక్షణకు అంతర్జాతీయంగా రాసుకున్న సూత్రాల పత్రం, 1964 నాటి వెనిస్ చార్టర్ కూడా, తన 5వ అధికరణంలో చెప్పింది.

గచ్చుగోడ:
అదే 5వ అధికరణాన్ని మధ్యలో ఆపకుండా చివరిదాకా చదవండి. ఆ వాడకం కట్టడం అమరికను, అలంకరణను మార్చకూడదని కూడా అందులోనే ఉంది.

రాతిపని:
మీ ఇద్దరి మాటకూ జవాబు ఇంగ్లండ్‌లో యార్క్ నగరంలోని క్లిఫర్డ్స్ టవర్‌లో దొరుకుతుంది. 13వ శతాబ్దపు బురుజు. 1684లో అగ్నిప్రమాదంలో లోపలంతా కాలిపోయి గోడలే మిగిలాయి. 2022లో మళ్లీ తెరిచారు. లోపల నాలుగు చెక్క స్తంభాల మీద ఒక డెక్ (ఎత్తైన చెక్క వేదిక) నిలబెట్టారు. దాని బరువును పాత గోడలు మొయ్యవు, కింద పరిచిన కొత్త పునాది మోస్తుంది. దాని నుంచి వేలాడే నడకదారుల మీదుగా, ఆ అగ్నిప్రమాదం తర్వాత ఎవరూ అడుగుపెట్టలేని మొదటి అంతస్తు గదుల్లోకి ఇప్పుడు జనం వెళ్తున్నారు. పైన కూర్చోవడానికి మెట్ల వరసలూ ఉన్నాయి. రేపు వద్దనుకుంటే ఆ చెక్క కట్టడాన్ని తీసెయ్యొచ్చు, గోడకు పెద్దగా నష్టముండదు. అంతకు ముందు బురుజు నిలిచిన దిబ్బ అడుగున సందర్శకుల కేంద్రం కట్టాలనుకున్నారు. స్థానికులు గట్టిగా వ్యతిరేకించడంతో 2018లో దాన్ని వదిలేశారు. అడ్డుచెప్పినవాళ్ల వల్ల ఆ బురుజుకు మేలే జరిగిందని నా నమ్మకం.

ఇంకో సంగతి. హాలు గురించి ఇంత గొడవపడుతున్నాం గానీ, గోడల అతుకుల్లో ఏం నింపుతారని ఎవరూ అడగలేదు. పాత రాతిగోడ సున్నపు గచ్చు గుండా తడిని బయటికి వదులుతుంది. అక్కడ సిమెంట్ పూస్తే తడి దారి మార్చుకుని రాతిలోకి పోతుంది. దాంతో పాటు ఉప్పు చేరి, చలి ప్రాంతాల్లో మంచు కూడా తోడై, రాయి ముఖం పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. అతుకు మాత్రం గట్టిగా నిలిచి, పక్కన రాయి గుంటపడుతుంది. ఎక్కడైనా అలా కనిపిస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

నిచ్చెన:
తీసెయ్యగలిగేలా కడితే హాలుకు ఒప్పుకుంటారా, గచ్చుగోడ గారూ?

గచ్చుగోడ:
ఒప్పుకుంటాను, ఒక షరతు మీద. ఎంతమందిని పైకి పంపాలో ఉన్న మెట్లను బట్టి ముందే తేల్చాలి. ముప్పైమందికే వీలైతే ముప్పైమందికే హాలు. పెద్ద విందులు కోట ఆవరణలో, బురుజు బయట పెట్టుకోవాలి. బుకింగులు పెరిగాయని తర్వాత గోడ తొలవడానికి మాత్రం వీల్లేదు.