పడవ టేకు మీద వార్నిష్ పెచ్చులు లేస్తోంది, మొత్తం గీకేయాలా?

రంభ తెరచాప:
అందరికీ నమస్కారం. మాది గంజాం జిల్లా రంభ. చిలికా సరస్సులో తిరిగే చిన్న తెరచాప పడవ ఒకటి నేను చూసుకుంటున్నాను. బాడీ ఫైబర్‌దే గానీ చుక్కాని పిడి, అంచు పట్టీలు పాత టేకు. ఇదివరకటి వాళ్లు ఇంటి తలుపులకు వేసే వార్నిష్ వేయించారు. ఇప్పుడు స్క్రూల చుట్టూ పసుపు మచ్చలు, గోరు పెడితే పెచ్చులు ఊడొస్తున్నాయి. కొసలు నల్లబడ్డాయి. అంత చేవ ఉన్న టేకు మళ్లీ దొరకదని నా బెంగ. లేచినంత మేర గీకి పైన పూత వేస్తే చాలా?

సిరొంచ వడ్రంగి:
తమ్ముడూ, తలుపుల వార్నిష్ ఎండకు ఆగదు. పడమటి ఎండ కొట్టే వీధి తలుపుల మీదే చూస్తుంటాం. ఇంకోటి, టేకులో సహజంగానే నూనె ఉంటుంది. పూతకు ముందు థిన్నర్ గుడ్డతో తుడిచి, ఆరగానే బ్రష్ పట్టాలి. ఆలస్యమైతే నూనె మళ్లీ పైకి వస్తుంది.

గోపాల్‌పూర్ పడవ మేస్త్రి:
పసుపు మచ్చ వచ్చిందంటే పొర కిందికి నీరు చేరినట్టే. దాని మీద ఎన్ని పూతలు వేసినా నిలవవు, మొత్తం తీసేయండి. హీట్ గన్‌తో వెచ్చచేసి, నార వెంట స్క్రేపర్ లాగండి. వేడి ఒకే చోట ఆపితే చెక్క మాడుతుంది. తర్వాత 120 నంబరు ఎమరీ కాగితంతో రుద్దండి, ఆపైన 220తో. ఇనుప పీచు మాత్రం వద్దు. దాని తునకలు టేకులో ఇరుక్కుని, తుప్పు పట్టి నల్ల చుక్కలు పడతాయి. ఇప్పుడున్న నలుపుకి ఆక్సాలిక్ యాసిడ్ నీళ్లలో కలిపి రాయండి, గ్లవ్స్ తప్పనిసరి. మంచినీళ్లతో బాగా కడిగి పూర్తిగా ఆరనివ్వాలి.

ఎండలోని యూవీ కిరణాల నుంచి రక్షణ ఉన్న మెరైన్ స్పార్ వార్నిషే (పడవల చెక్కకు వేసేది) కొనండి. మొదటి పూతలో సగానికి సగం థిన్నర్ కలిపితే చెక్కలోకి ఇంకుతుంది. స్క్రూ గుంటలకీ కోసిన కొసలకీ ఆ పల్చటి పూతే రెండు మూడుసార్లు పట్టించండి, నీరు ముందు దూరేది అక్కడే. తర్వాత థిన్నర్ తగ్గించుకుంటూ, మధ్యలో 320తో తేలిగ్గా రుద్దుతూ కనీసం ఆరు పూతలు. డబ్బా కుదపకండి, బుడగలు వస్తాయి. పుల్లతో నెమ్మదిగా కలపండి.

ఛత్రపురం:
అసలు వార్నిష్ ఎందుకండీ? టేకును ఉత్తగా వదిలేస్తే బూడిద రంగుకి తిరుగుతుందే గానీ తేలిగ్గా పుచ్చిపోదు. కాలు పెట్టే చెక్కలకైతే అసలే వద్దు, తడిలో జారుతుంది.

రంభ తెరచాప:
కాలు పెట్టే చోట ఉత్తగానే వదిలేస్తాను. చుక్కాని పిడికి మాత్రం ఆ ఎర్రటి మెరుపు ఉండాల్సిందే, రోజూ చేయి పడేది దాని మీదే. మేస్త్రి గారూ, ఏ కాలంలో మొదలుపెట్టమంటారు?

గోపాల్‌పూర్ పడవ మేస్త్రి:
కార్తీకం దాటాక. పొద్దున మంచు పూర్తిగా ఆరాక మొదలుపెట్టి మధ్యాహ్నానికల్లా ముగించండి, సాయంత్రం చెమ్మ దిగేలోపు పూత గట్టిపడాలి. నేరుగా ఎండలో వేయొద్దు. ఆ తర్వాత ఏడాదికోసారి, మెరుపు తగ్గకముందే, తేలిగ్గా రుద్ది రెండు పూతలు వేస్తుంటే మళ్లీ గీకే పని రాదు. పడవ ఒడ్డుకు చేరగానే మంచినీళ్లతో కడిగి, పిడికి గుడ్డ తొడుగు వేయండి.