ఒకే పనికి పేరు పడితేనే డబ్బు చెల్లించే క్లయింట్లు వస్తారా?

రెండుకుర్చీలు (చర్చ ప్రారంభం)

మాది ఇద్దరం నడిపే డిజైన్ స్టూడియో. ఆరేళ్లుగా లోగోలు, వెబ్‌సైట్లు, ప్యాకింగ్ లేబుళ్లు, ఫొటోలు, బ్రోషర్లు, ఏది అడిగితే అది చేస్తూ వచ్చాం. వెబ్‌సైటు మొదటి పేజీలో కూడా "మీకు కావలసినవన్నీ ఒకేచోట" అనే రాసుకున్నాం. విచారించేవారికి కొదవ లేదు. కాని వచ్చే ఈమెయిళ్లలో చాలావాటిలో "మీ రేట్లు పంపండి" అన్న ఒక్క ముక్క తప్ప పనేమిటో, ఎప్పటికి కావాలో ఏమీ ఉండదు. రేట్లు పంపితే జవాబు రాదు. వచ్చినా అది బేరమే.

ఇకమీదట లేబుళ్ల పనికే పేరు తెచ్చుకుందామని నేను అంటున్నాను. ఫొటోగ్రఫీతో సహా ఏదీ వదలకూడదని మా భాగస్వామి అంటున్నారు. చిన్న వ్యాపారం తన బ్రాండును ఇలా కుదించుకుంటే చెల్లించే క్లయింట్లు పెరుగుతారా, లేక ఉన్న దారులు కూడా మూసుకుపోతాయా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు. లోగో రంగులు మార్చమనే సలహా మాత్రం వద్దు, దాన్ని మేమే ఇతరులకు అమ్ముతుంటాం.

యంత్రభాష

కుదించుకోవాలనే నా అభిప్రాయం. నేను ఒకప్పుడు వ్యాసాలు, ప్రకటనలు, ప్రసంగాలు అన్నీ రాసేవాణ్ణి. ఇప్పుడు యంత్రాల వాడుక పుస్తకాలు తప్ప మరేమీ రాయను. ప్రకటనల రంగ నిపుణులు అల్ రీస్, జాక్ ట్రౌట్ 1972లో అడ్వర్‌టైజింగ్ ఏజ్ పత్రికలో రాసిన వ్యాసాలతో 'పొజిషనింగ్' అన్న మాట వ్యాపార ప్రపంచంలో స్థిరపడింది. కొనేవారి మనసులో మనకు ఏ చోటు దక్కిందన్నదే అసలు పోటీ అని వారి వాదన. అది ప్రకటనల కోట్లు ఉన్నవారికి చెప్పిన మాట కదా అనిపించవచ్చు. నిజానికి అది మనలాంటివారికే ఎక్కువ వర్తిస్తుంది.

ఎలాగంటే, పని ఇచ్చేవారు తమకు తెలిసినవారిని "వాడుక పుస్తకాలు రాసేవారు ఎవరైనా ఉన్నారా?" అని అడుగుతారు గాని, "అన్నీ చేసేవారు ఎవరైనా ఉన్నారా?" అని ఎవరూ అడగరు. ఆ ప్రశ్న పుట్టిన క్షణంలో మన పేరు గుర్తుకు రావాలంటే, ప్రశ్నలో ఉన్న మాట మన పేరుకు ముందే అతుక్కుని ఉండాలి. పైగా పని తెచ్చిపెట్టేవారు ఆప్తమిత్రులే కానక్కరలేదు. ఉద్యోగ సమాచారం ముఖపరిచయస్తుల ద్వారా ఎంతగా చేరుతుందో సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లోనే చూపించారు. ముఖపరిచయం మాత్రమే ఉన్నవారు మన గురించి ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే అదే ఎక్కువ. ఆరు విషయాలు చెబితే ఆరూ మరిచిపోతారు.

గట్టుమీద

దీనికి రెండో వైపు కూడా ఉంది. నేనూ ఒకే పరిశ్రమకు అనువాదాలు చేస్తానని బోర్డు పెట్టుకున్నాను. పేరు వచ్చింది, పనీ వచ్చింది. తరువాత ఆ పరిశ్రమలో కొత్త ఆర్డర్లు ఒక్కసారిగా ఆగిపోయాయి, నా క్లయింట్లందరూ ఒకే వారంలో "ప్రస్తుతానికి ఆపుదాం" అన్నారు. దారి ఇరుకైతే బండి వేగంగా పోతుందేమో గాని, ఎదురుగా చెట్టు పడితే తిప్పుకునే చోటు ఉండదు. కుదించుకుని బాగుపడినవారు వచ్చి ఇక్కడ రాస్తున్నారు. కుదించుకుని మూసేసినవారు రాయడానికి రారు.

సిద్ధాంతాల్లో కూడా ఏకాభిప్రాయం లేదు. ఎరెన్‌బర్గ్-బాస్ పరిశోధన సంస్థకు చెందిన మార్కెటింగ్ పరిశోధకుడు బైరన్ షార్ప్, రీస్-ట్రౌట్‌ల వాదనకు దాదాపు తలకిందుల మాట చెబుతారు. బ్రాండ్లు పెరిగేది కొద్దిమంది వీరాభిమానుల వల్ల కాదని, ఎప్పుడో ఒకసారి కొనే ఎక్కువమందిని చేరుకోవడం వల్లనని, కనుక మిగతావారికంటే భిన్నంగా ఉండటంకన్నా సులువుగా గుర్తుపట్టేలా ఉండటం ముఖ్యమని ఆయన వాదన.

యంత్రభాష

షార్ప్ వాదనకు ఆధారమైన లెక్కలు ప్రధానంగా లక్షలమంది కొనే నిత్యావసర సరుకులవి. ఇద్దరు మనుషులు ఏడాదిలో చేయగలిగే పనులు ఎన్ని? ఆ కొద్దిపాటి ఖాళీలు నింపుకోవడానికి లక్షలమందిని చేరుకునే సూత్రం అవసరమా? అయితే మీ అనుభవాన్ని నేను తోసిపుచ్చడం లేదు. మీరు కుదించుకున్నది పరిశ్రమను, నేను కుదించుకున్నది పనిని. ఒక రకం యంత్రాలకు గిరాకీ తగ్గినా మరో రకం యంత్రాలకు వాడుక పుస్తకం కావాలి. ఈ రెంటినీ కలిపి మాట్లాడుతున్నందువల్లనే వాదన తెగడం లేదని నాకు అనిపిస్తోంది.

జమాఖర్చు

నేను చిన్న సంస్థల లెక్కలు చూస్తాను. ఇక్కడ అందరూ క్లయింట్లు రావడం గురించే వాదిస్తున్నారు గాని, ప్రశ్నలో 'డబ్బు చెల్లించే' అన్న మాట కూడా ఉంది. రావడానికీ చెల్లించడానికీ మధ్య కొటేషన్ అనే కాగితం ఒకటి ఉంటుంది. వెబ్‌సైటు కోసం నెలల తరబడి మథనపడినవారు కూడా ఈ కాగితాన్ని మాత్రం పాత ఫైలులో పేరు మార్చి పది నిమిషాల్లో పంపేస్తారు. అలా పంపిన ఒక కొటేషన్‌లో మొదటి పేజీలో కొత్త క్లయింటు పేరు, రెండో పేజీలో పాత క్లయింటు పేరు ఉండడం నేను స్వయంగా చూశాను. ఆ కొత్త క్లయింటు ఏమీ అనలేదు, తిరిగీ రాలేదు.

ముందుగా "మీ రేట్లు పంపండి" సంగతి. అది పిసినారితనం అనుకోకండి. సరుకు నాణ్యత అమ్మేవారికి తెలిసి, కొనేవారికి తెలియనప్పుడు ఏం జరుగుతుందో జార్జ్ అకెర్లాఫ్ 1970లో పాత కార్ల ఉదాహరణతో వివరించారు. మంచిచెడ్డలు పోల్చుకోలేనివారు సగటు ధరకు మించి ఇవ్వరు, ఆ ధర గిట్టక మంచి సరుకు అమ్మేవారు తప్పుకుంటారు. 2001లో నోబెల్ బహుమతి దక్కిన ముగ్గురు ఆర్థికవేత్తల్లో ఆయన ఒకరు. మీకు ఈమెయిలు రాసేవారు ఆ పాత కారు ముందు నిలబడినవారే. అయిదు స్టూడియోలు "అన్నీ ఒకేచోట" అంటే, వాటిలో వారు పోల్చుకోగలిగినది అంకె ఒక్కటే, కనుక అంకె అడుగుతారు. వారికి పోల్చుకోవడానికి ఇంకేదైనా చేతికి ఇవ్వడమే బ్రాండు చేయవలసిన పని.

ఇప్పుడు రెండు కొటేషన్లు పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదానిలో "లేబుల్ డిజైన్ – 1" అని, ఎదురుగా మొత్తం. రెండోదానిలో ఇలా ఉంటుంది: "ఒక పరిమాణం సీసాకు ముందు, వెనుక లేబుళ్లు. మూడు నమూనాలు, ఎంచుకున్నదానికి రెండు విడతల సవరణలు, ముద్రణకు సిద్ధమైన ఫైలు. ఫొటోలు, ముద్రణ ఖర్చు ఇందులో చేరవు. సగం అడ్వాన్సు అందిన రోజున పని మొదలవుతుంది. ఈ ధర 15 రోజులు చెల్లుతుంది." మొదటిది చూసినవారు అంకెను తగ్గించమంటారు, ఎందుకంటే ఆ కాగితం మీద తగ్గించడానికి అంకె తప్ప ఇంకేమీ లేదు. రెండోది పంపినవారు మాత్రం "తగ్గిస్తాం, వీటిలో ఏది తీసేయమంటారు?" అని మర్యాదగానే అడగగలరు. చివరి విడత బాకీ నెలల తరబడి ఆగిపోయిన కేసులు నా దగ్గరికి వచ్చినప్పుడు తవ్వి చూస్తే, సవరణలు ఎన్ని అన్నది ముందు రాసుకోకపోవడమే చాలావాటికి మూలం. రెండుకుర్చీలు గారూ, లేబుళ్లా, ఫొటోలా అని తేల్చుకునే ముందు మీ పాత ఇన్‌వాయిస్‌లు బయటకు తీసి, గుర్తుచేయకుండానే చెల్లించినవారు ఎవరో ఒకసారి చూసుకోండి.

ముద్రాక్షరం

చర్చలో కొంచెం పక్కకు వెళ్తున్నాను, మన్నించాలి. పనిని కుదించుకున్నా పేరును మాత్రం కుదించుకోవద్దు. చేసే పనినే పేరుగా పెట్టుకుంటే ట్రేడ్‌మార్కు పొందడమూ కష్టం, రేపు పని మారితే పేరు అడ్డమూ అవుతుంది. కొడాక్ అన్న మాటకు ఏ అర్థమూ లేదు. జార్జ్ ఈస్ట్‌మన్ 1888లో దాన్ని కల్పించుకున్నారు. అమెజాన్ 1995లో అమ్మకాలు మొదలుపెట్టినప్పుడు అమ్మింది పుస్తకాలే, పేరులో మాత్రం పుస్తకం ఊసే లేదు. పేరు విశాలంగా, దాని కింద రాసుకునే వాక్యం ఇరుకుగా ఉంటే, వాక్యం మార్చుకోవడం ఒక్క పూట పని. ఇక లోగో అంటారా, నైకీ గుర్తును 1971లో కారొలిన్ డేవిడ్‌సన్ అనే విద్యార్థిని గీసి ఇచ్చినందుకు ముట్టినది 35 డాలర్లు (కంపెనీ తరువాత ఆమెకు వాటాలు కూడా ఇచ్చింది). ఆ గీతకు విలువ దాని వెనుక నడిచిన వ్యాపారం వల్ల వచ్చింది. ఇంకా క్లయింట్లే లేనివారు లోగో దగ్గర నెలలు గడుపుతుంటే "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్నట్టే ఉంటుంది.

గట్టుమీద

అమెజాన్ వెనుక పెట్టుబడి ఉంది, మన వెనుక ఇంటి అద్దె ఉంది. ఆ తేడా మరవకుండా ఉంటే మిగతాదానితో నాకు పేచీ లేదు.

రెండుకుర్చీలు

జమాఖర్చు గారు చెప్పినట్టు, రెండు సాయంత్రాలు కూర్చుని ఆరేళ్ల ఇన్‌వాయిస్‌లు తిరగేశాం. గుర్తుచేయకుండా చెల్లించినవారి పేర్ల పక్కన పచ్చ పెన్సిల్‌తో గీత పెట్టుకుంటూ పోయాం. గీతలన్నీ లేబుళ్ల పనుల దగ్గరే పడతాయని నేను అనుకున్నాను, పడలేదు. కొన్ని లేబుళ్లు, కొన్ని బ్రోషర్లు, రెండు చోట్ల వెబ్‌సైట్లు కూడా ఉన్నాయి. వాటన్నిటినీ కలిపే దారం మా భాగస్వామికి దొరికింది. వారందరికీ ముందే ఖాయమైన తేదీ ఒకటి ఉంది: ప్రదర్శనలో స్టాల్ తెరిచే రోజు, సరుకు మార్కెట్లోకి వెళ్లే రోజు. తేదీ మీద పడుతున్నవారు బేరానికి కూర్చోలేదు, తేదీ లేనివారు ఈనాటికీ "ఆలోచించి చెబుతాం" అంటూనే ఉన్నారు.

కాబట్టి మేము కుదించుకోవలసినది మాకు చేతనైన పనిని కాదు, మేము ఎవరి కోసం పనిచేస్తామన్నదాన్ని. "అన్నీ ఒకేచోట" తీసేసి, "మీ సరుకు విడుదల తేదీ ఖాయమైందా? ఆ తేదీకి లేబుల్, పెట్టె, బ్రోషర్ సిద్ధంగా ఉంచుతాం" అని రాసుకున్నాం. విచారణ ఫారంలో మొదటి గడి ఇప్పుడు తేదీది. ఆ క్లయింట్లకు ఫొటోలు కూడా కావాలి కనుక మా భాగస్వామి ఫొటోగ్రఫీని వదులుకోలేదు. కాకపోతే కొటేషన్‌లో అది వేరే వరుస.

గట్టుమీద

తేదీని వాగ్దానం చేశారు సరే. ఒక్కసారి తేదీ తప్పితే, ఇన్నాళ్లూ మిమ్మల్ని గుర్తుపెట్టుకున్న ఆ ఒక్క మాటే మీ మీద తిరగబడుతుంది. దానికేం చేస్తున్నారు?

రెండుకుర్చీలు

అందుకే ఒక నెలలో విడుదల తేదీలు మూడుకు మించి పెట్టుకోకూడదని గోడ క్యాలెండరు మీద రాసుకున్నాం. నిన్న నాలుగోవారు ఫోన్ చేసి పూర్తి అడ్వాన్సు ఇస్తామన్నారు. మా భాగస్వామి వచ్చే నెల తేదీ చెప్పి ఫోన్ పెట్టేశారు, నాకు మాత్రం రాత్రంతా నిద్ర పట్టలేదు.